తుప్పు బాబుగారు

పోయిన వారం మిట్టమధ్యాహ్నం, షాపులో ఈగలు తోలుకుంటున్న వేళ, ఒకాయన మోటార్‌సైకిల్ ఆపి దుప్పటిలో చుట్టిన పొడవాటి మూట చంకన పెట్టుకుని మెట్లెక్కాడు. మందుల చీటీ తీస్తాడేమో అనుకున్నాను.

"తుప్పు బాబుగారి ఇల్లు ఇదేనాండీ?" అన్నాడు.

ఇదేనన్నాను.

"లోపలున్నారా?"

లేరన్నాను.

"మరెప్పుడొస్తారు?" అన్నాడు. ఆయన పోయి మూడు నెలలు దాటిందని మెల్లిగా చెప్పాను.

వచ్చినాయనది నెల్లిమర్ల. ఎవరో జపాన్ కత్తి బేరం పెట్టారట, కొనేముందు బాబుగారికి చూపించుకుందామని తెచ్చాడు. తల గోక్కుని, "పోనీ మీరు సూడండి. ఇన్నాళ్ళూ పక్కనే ఉన్నారు కదా" అన్నాడు.

పక్కన ఉంటే వచ్చేస్తుందా? గుడి ముందు కొబ్బరికాయలమ్మేవాడికి మంత్రాలొస్తాయా? ఆ మాటే అన్నాను. ఆయన నవ్వేసి వెళ్ళిపోయాడు. వెళ్ళాక నాకు తోచలేదు. కనీసం మూట విప్పించి ఉండాల్సింది. బాబుగారుంటే, చూడకుండా పంపేసినందుకు నన్ను చెడామడా దులిపేసేవారు.

విజయనగరంలో మా మందుల షాపు ఆయన ఇంటి ముందు గదిలోనే. నేను అద్దెకు దిగేనాటికే వీధిలో ఆయన్ని పేరుపెట్టి పిలిచేవాళ్ళు లేరు. ఎదురుగా బాబుగారు, చాటున తుప్పు బాబు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. ఖరగ్‌పూర్ రైల్వేలో ఉద్యోగం చేసి రిటైరై వచ్చారు. అక్కడున్నన్నాళ్ళూ సెలవు దొరికితే కలకత్తా వెళ్ళి పాత సామాన్ల వేలం గదుల్లో కూర్చునేవారట. అక్కడ ఒక ముసలి వ్యాపారి దగ్గర పాత కత్తులు చూడడం నేర్చుకున్నారు. ఇంతకు మించి అడిగితే, "నా సరిత్ర నీకేటికిరా, మాత్రలమ్ముకో" అనేవారు.

షాపు పెట్టిన కొత్తలో ఆయన తరచూ వచ్చి లవంగనూనె సీసా పట్టుకెళ్ళేవారు. పంటి నొప్పికి వాడే నూనె అది. పాపం పెద్దాయన ఎంత బాధ పడుతున్నాడో అనుకుని ఒకరోజు ధైర్యం చేశాను. "బాబుగారూ, ఎన్నాళ్ళని ఈ నూనె రాస్తారు? ఆ పన్నేదో పీకించేసుకోండి" అన్నాను. ఆయన నోరు తెరిచి పళ్ళసెట్టు చేతిలోకి తీసి చూపించారు. ఒక్క సొంత పన్ను లేదు.

"కత్తికిరా సన్నాసీ. జపానోడు కత్తికి లవంగం నూనే రాస్తాడు" అన్నారు, సెట్టు మళ్ళీ పెట్టుకుని.

తుప్పు బాబు అనే పేరు ఊరికే రాలేదు. ఎవరు ఏ కత్తి తెచ్చినా అందరూ చూసేది ఆయన చూసేవారు కాదు. పదును మీద బొటనవేలు పెట్టబోతే చటుక్కున చెయ్యి తీయించేవారు. "సెమట తగిలిస్తావేటి? నీ వేలు కన్నా సముద్రం గాలి నయం" అనేవారు. కత్తి మెరుపు, ఒర మీది నగిషీ, ఇవేవీ ఆయనకు పట్టవు. పిడి ఊడదీసేవారు. జపాన్ కత్తికి పిడిలో దాక్కున్న ఇనుము, తోక అందాం, ఒక చిన్న వెదురు చీలతో బిగించి ఉంటుంది. చీల తడితే పిడి వచ్చేస్తుంది. లోపలి తోక మీద నల్లగా, చిక్కగా, చేతికి అంటుకోని తుప్పుండాలి. అది ఒక మనిషి ఆయుష్షు పడితేగాని రాదట.

"మొగానికి ఎవుడైనా పౌడరు రాస్తాడు, మడమకి రాస్తాడేటి? అంచేత మడమ సూడాలి" అనేవారు. కత్తికి రెండు తుప్పులని కూడా ఆయన లెక్క. ఒంటి మీద ఎర్ర తుప్పు జబ్బు, మడమ మీద నల్ల తుప్పు వయసు. జబ్బుకి మందెయ్యాలి గాని వయసుకి మందెయ్యకూడదు. ఇది నా షాపు ముందు నిలబడి, వయసు దాచుకునే క్రీములు కొంటున్న ఆడపిల్లలకి వినబడేలా చెప్పేవారు. నా బేరాలు పోతున్నాయని మొత్తుకున్నా ఆయనకి పట్టేది కాదు.

ఈ మడమ పిచ్చి కత్తుల దగ్గర ఆగితే బాగుండేది. వంకాయలు తొడిమ వైపు తిప్పి చూసేవారు. కొత్త కుర్చీ కొంటే బోర్లాపడేసి చూసేవారు. మేనకోడలికి సంబంధం వస్తే, పెళ్ళికొడుకు లోపల ఫలహారం తింటుండగా గుమ్మంలో విడిచిన అతని చెప్పులు తిరగేసి చూశారు. "ఓ పక్కే అరిగేయి. ఈడు తిన్నగా నడిసీవోడు కాదు" అని తేల్చేశారు. సంబంధం తప్పిపోయింది. ఆ అబ్బాయి గజపతినగరంలో బట్టల షాపు పెట్టుకుని, పెళ్ళాం పిల్లల్తో లక్షణంగా, తిన్నగానే నడుస్తున్నాడు. నేనా మాట ఎత్తితే, "సెప్పులు మార్సుంటాడు" అనేవారు. తప్పు ఒప్పుకునే అలవాటు ఆయన వంశంలో లేదు.

ఇక అసలు విశేషం. కత్తి నకిలీదైతే ఆయన నోటి వెంట నకిలీ అనే మాట రాదు. బాగుందనేవారు. మెరుపు బాగుంది, పిడి బాగుంది, గోడకి కట్టుకోండి, వచ్చినోళ్ళకి కనబడతాది, అనేవారు. అని, లోపలికి తిరిగి, "ఒసే, టీ ఎట్టు" అని కేకేసేవారు. కత్తి అసలుదైతే టీ సంగతే మర్చిపోయేవారు. తెచ్చినవాడి మీద విరుచుకుపడేవారు. నీకు కత్తి ఎవడిచ్చాడు, ఇలాగేనా ఉంచుకోవడం, ఒరలో నీళ్ళెలా పోయాయి, మీ తాత ఉంటే నీ వీపు చీరేవాడు, అని వీధి చివరికి వినబడేలా తిట్టేవారు. ఎందుకలా అని ఒకసారి పిన్నిగారిని, అంటే వాళ్ళావిణ్ణి, అడిగాను. "పనికిరాందాన్ని తిట్టి ఏటి లాభం నాయనా?" అన్నారావిడ. ఆవిడ వంటింట్లోంచి కదలకుండానే తీర్పు తెలుసుకునేవారు. టీ కేక వినబడితే జాలిగా నాలుక చప్పరించి పాలు పొయ్యి మీద పెట్టేవారు.

ఒకసారి స్థలాల వ్యాపారం చేసే ఆసామీ ఒకాయన కారులో ఇద్దరు మనుషుల్ని వేసుకుని వచ్చాడు. ఫోన్లో బేరమాడి తెప్పించిన జపాన్ కత్తి. ఒర మీద బంగారు రంగు పాము, పిడికి ఎర్ర కుచ్చు. బాబుగారు దాన్ని అటూ ఇటూ తిప్పి, "అబ్బో! దగదగలాడతన్నాది" అన్నారు. పిడి ఊడదీయబోతే రాలేదు, జిగురు పెట్టి అంటించేశారు. "గట్టిగా ఉన్నాది, మంచిది" అని దాన్నీ మెచ్చుకున్నారు. వచ్చినవాళ్ళకి టీ ఇప్పించి, మళ్ళీ ఇంకోసారి టీ ఇప్పించారు. ఆసామీ ఉబ్బితబ్బిబ్బై వెళ్ళాడు. ఇంటి హాల్లో ఆ కత్తి ఇప్పటికీ వేలాడుతోంది. దాన్ని చూపించి, తుప్పు బాబంతటివాడు మెచ్చుకున్నాడని చెప్పుకుంటుంటాడు.

బొబ్బిలి వైపు నుంచి వచ్చిన ఇంకొకతను పాత కత్తితో కొబ్బరికాయ కొట్టామని నోరుజారి తిట్లు తిని, ఏడుపుమొహం పెట్టుకుని నా దగ్గరికొచ్చి తలనొప్పి మాత్ర అడిగాడు. "నాయనా, నీ అదృష్టం పండింది" అని చెప్పి మాత్రకి డబ్బులు తీసుకోలేదు. తిట్లు తిన్నవాడికైనా, టీ తాగినవాడికైనా బాబుగారు ఆఖర్న చెప్పే మాట ఒక్కటే, కత్తి అమ్మినా కొన్నా ముందు పోలీసుస్టేషన్‌లో అడిగి చెయ్యమని.

నూకాలమ్మ వచ్చింది రెండేళ్ళ కిందట ఎండాకాలంలో. శ్రీకూర్మం అవతల సముద్రం ఒడ్డున ఒక పల్లె ఆమెది. యాభై దాటిన మనిషి, చేపలమ్ముతుంది. కుడిచేతికి బరువైన వెండి కడియం. వెంట మరిది అప్పన్న ఉన్నాడు. పాత చీరలో చుట్టిన కత్తి తెచ్చారు. బాబుగారు భోంచేసి నడుం వాల్చారు, లేచేదాకా ఆగండని షాపు ముందు బల్ల చూపించాను. అప్పన్న ఆగినంతసేపూ ఫోన్లో మాట్లాడుతూనే ఉన్నాడు. విశాఖపట్నంలో పాత సామాన్లు కొనే ఒకాయన, తుప్పు బాబుగారు అసలుదంటే కొంటానన్నాడట. ఆ డబ్బొస్తే పడవకి ఇంజను మార్చాలని అప్పన్న ఆశ. నూకాలమ్మ మాత్రం మూట మీంచి చెయ్యి తీయలేదు.

నేనే పలకరించాను. కత్తి మీకెక్కడిదమ్మా అని.

"మా మావ తెచ్చేడు బాబూ. రంగం యుద్దంలో కూలీల పటాలంలోకి ఎల్నాడంట. జపానోల్లు ఓడిపోయి కత్తులన్నీ కుప్ప పోసేసేరంట. ఓ తెల్లదొర ఆ కుప్పలోంచి ఇది తీసి మావ సేతిలో ఎట్టినాడంట. సచ్చీదాకా అదే మాట సెప్పేడు."

రంగం అంటే రంగూను. మా వైపు పాతవాళ్ళంతా అలాగే అంటారు.

"ఊళ్ళో నమ్మారా?" అన్నాను.

"ఎవుడు నమ్ముతాడు? కోతలోడన్నారు. మా ఇంటాయన్ని కోతలోడి కొడుకన్నారు. నాను కాపరానికొచ్చిన కాడ్నించి కోతలోడి కోడల్నే" అని నవ్వింది. నవ్వులో నవ్వు లేదు. "మావా పోయేడు, ఇంటాయనా పోయేడు. ఆ పేరు మాత్రం పోలేదు."

బాబుగారు లేచి వచ్చారు. వరండాలో చాప పరిపించి, చేతులు తువ్వాలుతో తుడుచుకుని కూర్చున్నారు. చీర విప్పగానే ఆయన కళ్ళు పిడి మీదికి వెళ్ళాయి. పిడికి చుట్టిన తాడు అక్కడక్కడ పీలికలై, కింద తెల్లగా గరుకుగా ఉన్న తోలు కనబడుతోంది. దాన్ని గోటితో మెల్లిగా గీరి చూశారు. ఆయన ముఖం విప్పారింది.

"ఇదేటో తెలుసేటే?" అన్నారు నూకాలమ్మతో.

"తెలీకేటి బాబూ? టేకుసేప తోలు" అంది. టేకంటే ముల్లుతోక ఉన్న పెద్ద చేప, దాని వీపు గరగరలాడుతుంది. "అక్కడే వొచ్చింది గొడవంతా. మా రేవులో టేకులు రోజూ పడతాయి. ఈ తోలు సూసే ఊరంతా నవ్వినారు. జపాన్ కత్తికి మనూరి సేప తోలేటిరా, నువ్వే కట్టుకుని సెప్తన్నావు అన్నారు మావని. మావ మరి మాటాడలేపోయేడు. నిజం సెప్పాలంటే బాబూ, నాకూ అనుమానమే. మరి తోలు మాదే కదా!"

బాబుగారు పకపకా నవ్వారు. "పిచ్చిదానా! జపానోడు మాత్రం ఎక్కడుంటాడే? ఆడూ సముద్రం ఒడ్డోడే. ఆడికీ టేకులు పడతాయి. ఆల్ల కత్తులకి ఈ తోలే కడతారు."

అన్నేళ్ళు ఊరంతా ఆ ముసలాయన అబద్ధానికి సాక్ష్యం అనుకున్నది తిరగబడి కూర్చుంది. నాకైతే ఆయన తిట్లు ఇక మొదలవుతాయనే అనిపించింది. కానీ తోలు ఎవరైనా కట్టొచ్చు. మడమ చూడాలి కదా.

వెదురు చీల ఉండాల్సిన చోట ఇనప మేకు ఉంది. ఆయన ముఖం చిట్లించి దాన్ని లాగారు. పిడి వచ్చింది, పిడి ముందుండే బిళ్ళ కూడా వచ్చింది. తోక బయటపడింది. కొత్త స్టీలు గరిటెలా తళతళ మెరుస్తోంది. తుప్పన్నది మచ్చుకి లేదు.

బాబుగారు దాన్ని చూసింది ఎంతోసేపు కాదు. చాప మీద పెట్టేశారు. తువ్వాలు భుజాన వేసుకున్నారు.

"బాగుంది. పిడి బాగుంది, తోలు బాగుంది" అన్నారు. లోపలికి తిరిగి, "ఒసే, టీ ఎట్టు" అన్నారు.

నా ప్రాణం ఉసూరుమంది. వంటింట్లో పిన్నిగారు నాలుక చప్పరించడం కూడా వినబడింది. అప్పన్నకి ఇవేం తెలుసు? మొహం చేటంత చేసుకుని అప్పుడే విశాఖపట్నం ఫోన్ కలిపేశాడు. "బాగుందన్నారండి! బాబుగారే అన్నారండి!" అని గుమ్మం అవతల నిలబడి అరుస్తున్నాడు. ఆ అరుపులు వింటుంటే నాకు లోపలికి పారిపోదామనిపించింది.

నూకాలమ్మ మాత్రం కదల్లేదు. "బాగుంటే సరే బాబూ. అమ్ముడయితే అమ్ముతాం, అవ్వకపోతే ఒగ్గేస్తాం. నాకు కావలసింది అది కాదు. మా మావ అబద్దం ఆడినాడా, లేదా? అదొక్కటి సెప్పు" అంది.

అంత సూటిగా ఎవరూ ఎప్పుడూ ఆయన్ని అడగలేదు. టీ తాగి వెళ్ళిపోయేవారంతే. బాబుగారు నేనెన్నడూ విననంత మెల్లిగా అన్నారు.

"అమ్మీ, పాత ఇనుము ఇలగ మెరవదే."

"మెరవదేటి బాబూ? నిన్న పొద్దుగూకులూ తోమితేను!"

"ఏటీ?"

"తోమినాను. పెద్దోరి ఇంటికి మట్టితోటి ఎలగ తెస్తాం? పిడి ఊడగొట్టమన్నాను అప్పన్నని. లోపల ఎంత మట్టి! నల్లగా, జిడ్డులాగ. సింతపండెట్టి, ఇటికిపొడెట్టి రుద్దితే రుద్దితే ఇప్పటికి తెల్లగయ్యింది. బయటెలాగూ ఏటేటా దసరాకి తోముతాం. కత్తిపీటా, ఇదీ కలిపే తోమి పసుపూ కుంకం ఎడతాం."

పిన్నిగారు టీ గ్లాసులు తెచ్చి చాప పక్కన పెట్టారు. ఆయన చూడలేదు. నూకాలమ్మ చేతికేసి చూస్తున్నారు.

"నీ కడియం ఎప్పుడైనా తీస్తావేటే?"

"పెళ్ళయిన కాడ్నించి తియ్యలేదు. రాదు కూడా."

"దాని కిందన నీ సర్మం ఎలగుంటాది?"

"తెల్లగుంటాది. ఎండ తగలదు కదా" అంది, ఇదేం ప్రశ్నన్నట్టు.

బాబుగారు కత్తి మళ్ళీ ఒళ్ళోకి తీసుకున్నారు. కత్తీ తోకా కలిసే చోట వేలెడు వెడల్పు రాగి పట్టీ ఒకటి ఇనుముని కరుచుకుని ఉంది. నూకాలమ్మ చింతపండు దాని మీద పని చేసింది గాని దాని కిందకి పోలేదు. దసరాల ఇటికిపొడి కూడా పోలేదు. "ఒరే, లవంగన్నూనె!" అని నాకేసి అరిచారు. పరిగెత్తి తెచ్చాను. పట్టీ అంచున చుక్కలు వేసి, గుడ్డ చుట్టి, చిన్న కొయ్యముక్కతో అటొకటి ఇటొకటి తడుతూ కూర్చున్నారు. టీలు మీగడ కట్టాయి. అప్పన్న ఫోన్ ముగించి వచ్చి, ఏం జరుగుతోందో తెలియక నా పక్కన నిలబడ్డాడు. చివరికి పట్టీ కిర్రుమని కదిలి, తోక మీదుగా జారి ఆయన అరచేతిలో పడింది.

"నీ ఫోన్ లైటెయ్యి."

వేశాను. వాల్చి పట్టుకోమన్నారు. పట్టీ కింద దాక్కున్న ఆ వేలెడు మేర ఇనుము వేరే రంగులో ఉంది. చెక్కలో చారల్లాంటి సన్నని నీడలు. పదును వైపు, అల వెనక్కి పోయాక ఇసుక మీద మిగిలే నురగ గీత లాంటి తెల్లని గీత. నాలాంటి వాడికి కూడా కనబడింది. ఇనుముని మడతలు మడతలుగా కొట్టి, కాల్చి నీళ్ళలో ముంచిన పాత కత్తికే ఆ చారలూ ఆ గీతా ఉంటాయని బాబుగారు తర్వాత చెప్పారు.

బాబుగారు లైటు తీసెయ్యమన్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకున్నారు.

"ఒసే నూకాలూ!" అని ఒక్క గావుకేక పెట్టారు. "నీకు బుద్దున్నాదేటే? సింతపండు సేపల పులుసులోకి గాని కత్తికేటే? ఇటికిపొడెట్టి నీ మొగం తోముకోలేపోయేవా! మీ మావ పుట్టకముందు పుట్టిందే ఇది! మీ ఇంటికో ముసిలోడొస్తే సర్మం ఒలిసి మరీ బువ్వెడతావేటే? దసరా అని సెప్పి ఏటేటా దీని పేణం తీసేరు కదే! వయసే, అదంతా వయసు! మట్టన్నావే నువ్వు దాన్ని!"

వీధిలో పోయేవాళ్ళు ఆగారు. పిన్నిగారు వంటింట్లోంచి పరుగున వచ్చి, నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుని, మీగడ కట్టిన టీ గ్లాసులు ఎత్తేశారు. అప్పన్న మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అయితే దొంగదేనా బాబూ?" అన్నాడు నాతో, గుటకలు మింగుతూ.

"దొంగది కాదు నాయనా, అసలుది. వింటన్నావు కదా" అన్నారు పిన్నిగారు.

ఇంత సంతోషం నాకెందుకో తెలియదు. ఆ ముసలాయన్ని నేను చూడను కూడా లేదు. నూకాలమ్మ తల వంచుకుని ఆ తిట్లన్నీ వింది. ఆయన ఊపిరి తీసుకోడానికి ఆగినప్పుడు కొంగుతో కళ్ళొత్తుకుంది.

"అయితే మావ నిజమే సెప్పేడు" అంది.

బాబుగారు అక్కడ కూడా ఆమెని ఊరికే పోనివ్వలేదు. ఇంకొకరైతే అవునమ్మా అని పంపేసేవారు. "కత్తి నిజం. దొర ఇచ్చేడో, మీ మావ కుప్పలోంచి లాగేడో నాకేటి తెలుసు? నేను ఇనుము సూడగలను, మనిషిని సూడలేను. సెప్పులు సూసి ఓసారి బోల్తా పడ్డాను కూడా" అన్నారు. నేను ఉలిక్కిపడ్డాను. ఆ చెప్పుల సంగతి ఆయన ఒప్పుకోవడం అదే మొదలు, అదే ఆఖరు. "ఆడితో ఒక కుండలో కూడు తిన్నది నువ్వు. నువ్వే సెప్పు."

నూకాలమ్మ కొంగు దులుపుకుని తిన్నగా కూర్చుంది.

"రేవులో పడవ దిగీవోడెవుడూ పడిన సేపలు పడినట్టు సెప్పడు బాబూ. గుప్పెడు పడితే బుట్టెడంటాడు. మా మావ పడని నాడు పడలేదనీవోడు. అందరి ముందర్నీ అనీవోడు. మా అత్త తిట్టినా అదే అనీవోడు" అంది.

"మరింకేటి" అన్నారు బాబుగారు.

కత్తి అమ్ముడైంది. విశాఖపట్నం ఆసామీ వచ్చి చూసి, తోమేశారు కాబట్టి తగ్గించే ఇచ్చాడు. దాంతో అప్పన్న వదినని చాన్నాళ్ళు సాధించాడట. స్టేషన్‌లో కాగితం పనీ అదీ బాబుగారే దగ్గరుండి చేయించారు. ఇంట్లో పెట్టుకోవాలని లేదా అని నూకాలమ్మని అడిగితే, "నాకు కావలసింది తేలిపోయింది కదా, ఇంక దాన్నేటి సేసుకుంటాం?" అంది. మరి ఈ దసరాకి ఏం పెడతావంటే బాబుగారు అందుకుని, "కత్తిపీటెట్టు. నీకు అన్నమెట్టీది అదే. దాన్ని ఎంతైనా తోముకో" అన్నారు.

ఆ తర్వాత ఆమె ఈ ఊరొచ్చినప్పుడల్లా వాళ్ళింటికి చేపలు తెచ్చేది. ఆయన ప్రతిసారీ ఏదో వంక పెట్టి తిట్టేవారు. ఊళ్ళోవాళ్ళు నమ్మారా అని నేనొకసారి అడిగాను. "సగం మంది నమ్మేరు. సగం మంది తుప్పు బాబు కూడా కోతలోడే అన్నారు" అంది. ఆ మాటకి బాబుగారు పళ్ళసెట్టు ఊడేలా నవ్వారు. అంత నవ్వు నేనాయన దగ్గర మళ్ళీ చూడలేదు.

చలికాలంలో నాలుగు రోజులు దగ్గి, డాక్టరు దగ్గరికి రానని మొండికేసి, నిద్రలో పోయారు. పెద్దకర్మ నాడు హాల్లో ఫొటో పెట్టి దండ వేశారు. ఖరగ్‌పూర్ నుంచి చుట్టాలొచ్చారు, వీధివాళ్ళొచ్చారు, స్థలాల ఆసామీ కూడా వచ్చాడు. అందరూ ఆయన్ని పొగిడారు. ఎంత సాధువో అన్నారు. ఎవర్నీ పల్లెత్తు మాట అని ఎరగడన్నారు. నేను గోడకానుకుని వింటున్నాను. పిన్నిగారు ఫొటో పక్కన కూర్చుని, ఒక్కొక్కరు పొగడడం అవగానే మేనకోడలికేసి తిరిగి, "ఆయనకి టీ ఇవ్వమ్మా" అంటున్నారు. మళ్ళీ ఇంకొకరు. "ఆవిడక్కూడా టీ ఇవ్వు." ఆవిడ ఏం చేస్తున్నారో అంతమందిలో నాకొక్కడికే తెలిసింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అప్పుడొచ్చింది నూకాలమ్మ. ఎవరో ఆలస్యంగా చెప్పారట. చేపల బుట్ట వీధిలోనే దింపి, సరాసరి ఫొటో ముందుకి వెళ్ళి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏటి బాబూ ఇది? ఎవులికి సెప్పి ఎల్నావు? దగ్గొస్తే డాట్రు కాడికి ఎల్లాలని తెలీదేటి? ఊరందరి కత్తులకీ నూని రాస్తావు, నీ ఒంటికి మందు రాయలేవా! మొండోడివి! ఎవుడి మాటా ఇన్లేదు! మొన్న సేపలట్టుకొస్తే ముల్లున్నాదని తిట్టినావు కదా, ఇప్పుడు తిట్టు సూద్దాం! ఏటలగ సూస్తావు? దండేసుకుని కూకుంటే సరిపోద్దేటి?"

చుట్టాల్లో ఎవరో, "ఏటమ్మా ఇది, పోయినోరిని పట్టుకుని..." అని లేవబోయారు. మేనకోడలు కంగారు పడి, నూకాలమ్మని శాంతపరుద్దామని టీ గ్లాసు పట్టుకుని ముందుకొచ్చింది.

పిన్నిగారు చెయ్యి అడ్డం పెట్టారు.

"ఆవిడకొద్దు" అన్నారు. అన్ని రోజుల్లో మొదటిసారి ఆవిడ కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా రాలాయి. "తిట్టమ్మా నూకాలూ. ఇంకా తిట్టు."